శనివారం నీళ్లు

ఆదివారం సాయంత్రం పాస్టరు యేసుదానం అయ్యగారు ఎక్కడ పెట్టిపోయారో, వెండిగిన్నె అక్కడే ఉంది. రిబ్కా బల్ల చుట్టూ ఊడుస్తోంది, బల్ల కింద తుడుస్తోంది, గిన్నెను మాత్రం ముట్టుకోవడం లేదు. అన్నం పళ్లెం బల్ల మీద పెట్టడం కూడా మానేసింది. నేల మీద పీట వేసి, పళ్లెం పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోతోంది. మారు వడ్డన కావాలంటే మొగుడు లేచి తనే వేసుకోవాలి. ఆదివారం నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు.

గురువారం షిఫ్టు దిగి వచ్చిన సంసోను గడప దగ్గర చెప్పులు విడిచి, గిన్నె కంటపడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గోడ మీద మాత్రం ఏముంది? అతని ఫొటోయే ఉంది. నూనె పెట్టి దువ్విన జుట్టు, విరుచుకున్న ఛాతీ, చేతుల్లో ఇదే గిన్నె. ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఆ ఫొటోలో కుర్రాణ్ణి పొగిడి, టీ తాగి వెళ్తాడు. సంసోనుకు ఆ కుర్రాడంటే ఏనాడో విరక్తి పుట్టింది. ఫొటో తీసేద్దామంటే రిబ్కా ఒప్పుకోదు.

కూతురు మార్త వచ్చి ఎదురుగా నిలబడింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. పోయిన నెల గోదావరిలో బాప్తిస్మం పుచ్చుకుంది. ఈ ఆదివారం మొదటిసారి ప్రభు భోజనానికి కూర్చుని ఆ గిన్నెలో ద్రాక్షరసం తాగాలి. దానికోసం తెల్లచీర ఉతికి గంజి పెట్టి మడతలో ఉంచారు.

"నాన్నా, నువ్వు తాగకుంటే నేను గూడ తాగ," అంది మార్త. "మీ నాయినకు ఎవరితోని తగువున్నదే అని అందరు నన్నే అడుగుతున్రు. ఏం చెప్పాలె నేను?"

సంసోను ఫొటో వైపే చూస్తూ కూర్చున్నాడు. పిల్ల లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. గట్టిగా వేసి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ గిన్నె మొదట దేవుడి పని కోసం చేసింది కాదు. బొగ్గు కాలరీల బాక్సింగు పోటీల్లో చాంపియన్‌కు ఇచ్చిన బహుమతి. రెండు పక్కలా చెవులు, అడుగున పీట, పొట్ట మీద ఇంగ్లీషులో సంసోను పేరు. అప్పట్లో వాళ్ల చర్చిలో ద్రాక్షరసానికి మామూలు గాజుగ్లాసే ఉండేది. గెలిచిన మరుసటి వారం కృతజ్ఞత కూటంలో సంసోను తల్లి సవరమ్మ లేచి, కొడుకును మాటమాత్రం అడగకుండా, కొంగు చాటున తెచ్చిన గిన్నె తీసి దేవుడికి ఇచ్చేసింది. జనం హల్లెలూయా అన్నారు. సంసోనూ అన్నాడు. అనకపోతే ఎలా? అప్పటినుంచి నెలకో ఆదివారం ఆ సంఘమంతా అతని గెలుపులో పోసుకుని తాగుతోంది. తాగనివాడు అతనొక్కడే.

తాగకపోవడానికి ఆ సంఘంలో ఒకే ఒక్క అర్థం ఉంది. ప్రభు భోజనానికి ముందురోజు, శనివారం, తప్పు చేసినవాళ్లు ఎవరికి చేశారో వాళ్ల గుమ్మానికి వెళ్లి, చేసింది నోరు విప్పి చెప్పి, నీళ్లు అడగాలి. వాళ్లు ఇస్తే తాగాలి. తాగితే తగువు తెగినట్టు. ఆ పని చేయనివాడూ, మనసులో పగ ఉంచుకున్నవాడూ మర్నాడు గిన్నె ముట్టకూడదు. ఈ ఆనవాయితీ ఏ మిషనరీ దొరగారు పెట్టారో, ఏ పాస్టరుగారు పెట్టారో ఎవరికీ తెలియదు. గట్టు తగాదాలు, గొడ్ల తగాదాలు, అత్తాకోడళ్ల సాధింపులు అన్నీ చెంబెడు నీళ్లతో చల్లారేవి. కొందరు ఘనులు శనివారం నీళ్లు తాగి, ఆదివారం ద్రాక్షరసం తాగి, సోమవారం మళ్లీ కొత్తగా మొదలుపెట్టేవారు. అది వేరే సంగతి.

సంసోను మాత్రం ఆ ఆదివారాల్లో డ్యూటీ వేయించుకునేవాడు. అతనిది లాంపు రూములో పని. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. చాంపియన్ అయినందుకు పైన నేల మీద దొరికిన ఉద్యోగం. అంతకుముందు అతనూ లోపల బొగ్గు నింపినవాడే. ఒకసారి బండ కూలి, ఒక పూటంతా చీకట్లో చిక్కుకున్నాడు. ఆ సంగతి ఊరు ఎప్పుడో మరిచిపోయింది. లాంపు రూములో అతని కుర్చీ బాయి నోరు కనపడే కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. ఎండ కళ్లలో పడుతోందంటాడు. మబ్బు పట్టిన రోజున కూడా అలాగే కూర్చుంటాడు.

పోయిన నెల చర్చివాళ్లు అతన్ని సంఘపెద్దగా ఎన్నుకోవడంతో డ్యూటీ సాకు చెల్లకుండా పోయింది. పెద్ద అనేవాడు గిన్నె అందుకుని, తను తాగి, వరస వెంట అందించాలి. పోయిన ఆదివారం అయ్యగారు గిన్నె చేతికిచ్చారు. సంసోను దాన్ని పెదవుల దాకా తీసుకెళ్లి, బల్ల మీద పెట్టేసి, జనం మధ్యనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంకెవరూ తాగలేదు. అయ్యగారు భోజనాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. సాయంత్రం గిన్నె తెచ్చి ఈ బల్ల మీద పెట్టి, మనసులో ఉన్నదేదో తేల్చుకుని నువ్వే తిరిగి తీసుకురావాలి అని మాత్రం చెప్పి వెళ్లారు. ఆయన కోప్పడలేదు. అదే సంసోనుకు ఎక్కువ నొప్పి కలిగించింది.

ఊరు ఊరికే ఉంటుందా? ఎవరో ఆడమనిషి సంగతన్నారు కొందరు. పై ఆఫీసరుతో పడదన్నారు మరికొందరు. పంపు దగ్గర పొరుగింటి ఎర్రమ్మ రిబ్కా బిందె పక్కన తన బిందె పెట్టి, ఎంతో జాలిగా, ఇంట్లో అంతా మంచిదేనా అని అడిగింది. రిబ్కా సగం బిందెతోనే ఇంటికి వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అతను వీధి మలుపులో ఉండగానే వస్తున్నాడని రిబ్కాకు తెలిసింది. సంసోను కుడికాలు ఈడుస్తాడు. రింగు నాటి అలవాటు. కుడిచేత్తో కొట్టబోయే ముందు కుడికాలి ముందుభాగం నేల మీద సర్రున గీసేవాడు. శిక్షణ ఇచ్చిన పగిడయ్య మాస్టారు పిక్క మీద బెత్తంతో వాయించినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడది నడకలోకి కూడా వచ్చేసింది. కుడి చెప్పు ఎప్పుడూ ముందే అరిగిపోతుంది. రిబ్కా ఆ చప్పుడు వింటూ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. మార్త కాలేజీలో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.

"ఒకటి అడుగుత. నిజం చెప్పు," అంది. "ఆ తగువు నాతోనేనా?"

సంసోనుకు మొదట అర్థం కాలేదు. నీతో నాకు తగువేందన్నాడు.

రిబ్కా నేల చూస్తూ చెప్పుకొచ్చింది. గెలిచిన ఏడాదే హైదరాబాదు క్యాంపుకు రమ్మని అతనికి పిలుపు వచ్చింది. అప్పటికి ఆమెకు రెండు కాన్పులు పోయి, మూడోది మార్త కడుపులో ఉంది. వెళ్లొద్దని కాళ్లు పట్టుకుంది. అతను ఆగిపోయాడు. గ్లౌజులు మేకుకు తగిలించి, మళ్లీ తీయలేదు. ఆ నెల నుంచే అతను గిన్నె ముట్టడం మానేశాడు. ఎవరైనా ఏమనుకుంటారు?

"నీ పేరు ఇంకా పైకి పోయేది. నేనే ఆపిన గదా. గది నీ కడుపుల ఉన్నదనుకున్న. నోరు తెరిచి చెప్పాలంటె భయం. అందుకే ఆ శనివారాలు గీ గడపల కూసోని నిన్ను నీళ్లడిగేదాన్ని. యాదున్నదా? ఇంట్ల నీళ్లు తెచ్చేది నేను, తోడేది నేను. నిన్నెందుకు అడుగుత? నువ్వు తెచ్చి ఇచ్చేటోనివి. నేను తాగేదాన్ని. తెల్లారి నువ్వు డ్యూటీకి పోయేటోనివి."

అతనికి గుర్తుంది. పనంతా చేసి అలిసిపోయిందేమో, జర నీళ్లియ్యి అంటోంది అనుకునేవాడు. ఒకసారి పేపరు చదువుతూ చూడకుండానే చెంబు అందించాడు. ఒకసారి విసుక్కున్నాడు కూడా. ఇన్నేళ్ల శనివారాలు ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టయింది. అతను గడప అవతలే కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు.

ఫైనల్లో అతనితో తలపడింది లచ్చిరాం. పినపాక అవతల తండావాడు. ఇద్దరూ ఒకే బాయిలో బొగ్గు నింపేవాళ్లు, బొగ్గు తూచే కాటా వెనక పాతషెడ్డులో పగిడయ్య మాస్టారి కింద రోజూ ఒకరినొకరు కొట్టుకుని నేర్చుకున్నవాళ్లు. పోటీలకు కొద్దినెలల ముందు రాయి పెచ్చు ఎగిరి లచ్చిరాం ఎడమ కంట్లో పడింది. ఆ వైపు మసకే తప్ప ఏమీ ఆనేది కాదు. డాక్టరుకు తెలిస్తే పనికిరాడని ఇంటికి పంపేస్తారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఒక్క సంసోనుకే చెప్పాడు. ఫైనల్ చివరి రౌండులో సంసోను వెనకబడి ఉన్నాడు. ఓడిపోతానని తెలిసిపోయింది. ఊపిరంతా కూడగట్టుకుని, లచ్చిరాం ఎడమ చెంప వైపు, ఆ ఆనని కంటివైపు కుడిచేత్తో కొట్టాడు. లచ్చిరాం కదలలేదు. కనపడనివాడు ఎలా కదులుతాడు? ఆ కన్ను తర్వాత పూర్తిగా తెల్లబడింది. లచ్చిరాంను పనిలోంచి తీసేశారు. పెళ్లాంతో తండాకు పోయి, అడివి పనులు పట్టుకున్నాడు. కాలరీ జనం మాత్రం ఆ దెబ్బకు సంసోను కుడిదెబ్బ అని పేరు పెట్టి ఊరూరా చెప్పుకున్నారు.

"నిద్రల రోజు కొడుత," అన్నాడు. "రోజు ఆయన గట్లనే నిలబడి ఉంటడు. ఒక్కసారన్న తల పక్కకు తియ్యరాదు అనుకుంట. తియ్యడు."

ఒకసారి మణుగూరు సంతలో లచ్చిరాం కనిపిస్తే లారీ చాటుకు పోయి నిలబడ్డ సంగతి కూడా చెప్పాడు. 

రిబ్కా ఓదార్చలేదు.  ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

"ఆయనకు కన్ను పోగొట్టినవ్. నన్ను ఇన్నేండ్లు నా తప్పే అని బతకనిచ్చినవ్. ఒక్కటి గాదు, రెండు తప్పులు," అంది. "రేపు శనివారం. పో."

లచ్చిరాం మన సంఘం మనిషి కాడని, ఆయనకు ఈ నీళ్ల పద్ధతి తెలియదని సంసోను గొణిగాడు. ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన మాటే అది. మనసులో ఉన్నంతకాలం బలంగానే ఉండేది. బయటికి వచ్చేసరికి ఎంత పేలవంగా ఉందో అతనికే తెలిసింది.

"దాహం ఎరుకనే గదా ఆయనకు," అని రిబ్కా లేచి లోపలికి వెళ్లింది. రాత్రి పళ్లెం మళ్లీ నేల మీదే పెట్టింది. కానీ ఈసారి వంటింట్లోకి పోలేదు, ఎదురుగా కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం పినపాక బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దొరకడమేమిటి, ఇచ్చారు. రిటైరైన కాలరీ మనిషి ఒకాయన లేచి మరీ కూర్చోబెట్టి, పక్కవాళ్లకు పరిచయం చేసి, పిడికిలి బిగించి గాలిలో ఆ దెబ్బ ఎలా పడిందో చూపించాడు. బస్సు కుదుపుకు ఆ పిడికిలి వెళ్లి ముందు సీటు కమ్మీకి తగిలింది. అందరూ నవ్వారు. కుర్రాడొకడు ఎవరీయన అని అడిగి, చెప్పించుకుని, ఓహో అని మళ్లీ క్రికెట్ కబుర్లలో పడ్డాడు.

ఒకప్పుడైతే ఆ కుర్రాడి ఓహో సంసోనును గుచ్చేది. ఇప్పుడు ఆ పెద్దాయన పొగడ్తే గుచ్చుతోంది. పేరు వస్తే అందరూ తనను ఎరుగుతారనుకున్నాడు వయసులో. వచ్చాక చూస్తే వాళ్లు ఎరిగింది ఒక చేతిని, ఆ చెయ్యి చేసిన ఒక్క పనిని. ఆ తర్వాత అతను బతికాడు, పిల్లను పెంచాడు, కోపం దిగమింగడం నేర్చుకున్నాడు, తల్లిని మంచాన చూసుకున్నాడు, ఏ దీపం దారిలో ఆరిపోతుందో చేత్తో పట్టుకుని చెప్పగల పనివాడయ్యాడు. తనలో ఎదిగిందేదీ ఎవరికీ అక్కర్లేదు. తనలో కుళ్లిందొక్కటే ఊరంతా పండగ చేసుకుంటోంది. మనిషి బతుకంటే ఇంతేనా అనిపించి, కిటికీలోంచి వచ్చే వడగాలికి కళ్లు మూసుకున్నాడు. మూసుకోగానే లచ్చిరాం ముఖం వచ్చి నిలబడింది.

బస్సు దిగి, బండ్లబాట పట్టుకుని నడిచాడు. దారికి అటూ ఇటూ అడివి ఎండి ఉంది. తండా చివర తునికాకు కల్లం. బీడీలకు పోయే ఆకును కట్టలు కట్టి, వరసలుగా నేల మీద పరిచి ఎండబెడుతున్నారు. లచ్చిరాం ఆ వరసల మధ్య గొంతుక్కూర్చుని కట్టలు ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. ఒళ్లు చిక్కింది, జుట్టు నెరిసింది. ఎడమ కన్ను గుడ్డు మొత్తం తెల్లగా ఉంది.

మొదట గుర్తుపట్టింది అతని భార్య గోరి. పాకలోంచి వస్తూ ఆగిపోయింది. ఆమె ముఖం గట్టిపడటం దూరం నుంచే కనిపించింది. లచ్చిరాం మాత్రం తల తిప్పకుండానే, ఎవరో చెప్పినట్టు, "ఏంది సంసోనన్న, గిన్నేండ్లకు దారి దొరికిందా?" అన్నాడు.

కాసేపు పొడి మాటలు నడిచాయి. పిల్ల ఏం చదువుతోందని లచ్చిరాం అడిగాడు. పగిడయ్య మాస్టారు పోయిన సంగతి సంసోను చెప్పాడు. ఈ ఏడు ఆకు బాగుందా అంటే పరవాలేదన్నాడు.  చివరికి సంసోను గోరి వైపు తిరిగి, "చెల్లె, జర నీళ్లు కావాలె," అన్నాడు.

గుమ్మానికి వచ్చి నీళ్లడిగితే పగవాడికైనా లేదనరు. గోరి లోపలికి వెళ్లి చెంబుతో వచ్చింది. సంసోను చెయ్యి చాచలేదు. ముందు చెప్పాల్సింది ఉంది, అది చెప్పాక ఇయ్యబుద్ధయితే ఇయ్యమన్నాడు. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీ కన్ను ఆనదని నాకొక్కనికే చెప్పినవ్ లచ్చిరాం. నేను గది మనసుల పెట్టుకోని కొట్టిన. నీకు కనపడదనే ఆ దిక్కు కొట్టిన. ఆ గెలుపు నాది గాదు. నీ కన్ను, నీ నౌకరి నేనే తీసుకున్న."

చెప్పేశాడు. చెబితే బరువు దిగుతుందని ఎవరన్నారో కానీ, అతనికేమీ దిగలేదు. లచ్చిరాం లేచి నిలబడి, అడివి వైపు ముఖం తిప్పుకుని, చేతిలో ఆకుకట్టను అవసరం లేకపోయినా తిరగేస్తున్నాడు.  సంసోను అతని చెయ్యి పట్టుకుందామని ఒక అడుగు ముందుకు వేశాడు. అరిగిన కుడి చెప్పు ఎండుటాకుల మీద సర్రున గీసుకుంది.

లచ్చిరాం ఎడమచెయ్యి ఒక్క ఉదుటున లేచి చెంపకు అడ్డం పడింది. మోచెయ్యి డొక్కకు ఆనుకుంది, పిడికిలి కణత దగ్గర ఆగింది. పగిడయ్య మాస్టారు నేర్పిన కాపు అచ్చంగా అదే. ముఖం ఇంకా అడివి వైపే ఉంది. చేతిలోంచి జారిన ఆకుకట్ట కాళ్ల దగ్గర పడింది.

ఇద్దరూ ఆ చేతిని చూస్తూ ఉండిపోయారు. లచ్చిరాం మెల్లగా దాన్ని దించుకున్నాడు.

"నీకు కనపడ్డదా?" అన్నాడు సంసోను.

"కనపడలె. ఇనపడ్డది. నీ కాలు."

 అడగకుండా వెనక్కి తిరిగి బస్సెక్కితే బాగుండునని సంసోనుకు ఒక్క క్షణం అనిపించింది. అయినా అడిగాడు.

"ఆ రోజు?"

లచ్చిరాం ఒంగి కట్ట తీసుకుని, దుమ్ము దులిపి, వరసలో దాని చోట దాన్ని పెట్టాడు. తర్వాత నేల మీద చతికిలబడి, ఎవరికో జరిగిన సంగతిలా చెప్పాడు.

"ఆ రోజు గూడ ఇనపడ్డది. బండ కూలినంక నువ్వు బాయిలకు దిగినప్పుడల్ల ఎనక నుంచి నా అంగీ కొస పట్టుకునేటోనివి. చీకట్ల ఎవ్వరు చూడలె. నాకెరుక. గెలిచినోనికి పైన నౌకరి ఇస్తమన్నరు. నేనైతే కింద బతుకుత, నువ్వు బతకవు అనుకున్న. చెయ్యి లేపలె. కన్ను మొత్తానికే పోతదని మాత్రం అనుకోలె."

అంగీ కొస. అది తప్ప ప్రపంచంలో ఏదైనా చెప్పి ఉంటే సంసోను తట్టుకునేవాడు. భయపడ్డ ఆ చేతిని అతను తన నుంచే దాచుకున్నాడు, కిటికీకి వీపు పెట్టి మరీ దాచుకున్నాడు. కొట్టిన చెయ్యీ, అంగీ పట్టుకున్న చెయ్యీ ఒకటేనని ఈ భూమ్మీద ఒకరికి మొదటినుంచీ తెలుసు. ఇన్నాళ్లూ తను దొంగ గెలుపు గెలిచానని కుమిలిపోయాడు. ఇప్పుడు దొంగతనం కూడా తనది కాకుండా పోయింది. దయతలచి ఇచ్చింది తిని ఇన్నేళ్లు చాంపియన్‌నని బతికాడు. అయినా కొట్టేటప్పుడు ఆ కన్ను ఆనదనే కొట్టాడు గదా. ఆ మాట అబద్ధం కాలేదు. క్షమించమని అడగాలో, నాకెందుకు ఇచ్చావని నిలదీయాలో అతనికి తోచలేదు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయని కూడా తెలియలేదు.

వెనకనుంచి గోరి తమ భాషలో ఏదో అడిగింది.  ఆమె మళ్లీ అడిగింది. ఈసారి సంసోనుకు కూడా అర్థం కావాలని తెలుగులో అడిగింది.

"చెయ్యి లేపలేదా నువ్వు?"

లచ్చిరాం తల వంచుకున్నాడు.

"పొద్దున లేస్తే ఈయన పేరు పెట్టి తిట్టిన. నా పిల్లలకు తిట్టుడు నేర్పిన. నువ్వు పక్కన కూసోని ఇన్నవ్. నౌకరి పోయి, క్వార్టర్ల నుంచి ఎల్లగొడితే చంటిపిల్లను ఎత్తుకోని ఈ అడివికి నడిచొచ్చిన. ఆ రోజు గూడ చెప్పలె. నన్నడిగినవా ఇచ్చేముందు?"

ఆమె గొంతు పెరగలేదు. సంసోనుకు నిన్నటి తన గడప, నేల చూస్తూ కూర్చున్న రిబ్కా కళ్ల ముందు మెదిలారు. ఒక తగువు తెంపుకుందామని వచ్చి, ఇంకో ఇంటిలో నిప్పు పెట్టినట్టయింది. చెల్లె, తప్పు నాది అనబోయాడు. గోరి అతని వైపు చూడనైనా చూడలేదు.

చేతిలోని చెంబును ఆమె సంసోనుకు ఇవ్వలేదు, లోపలికీ తీసుకుపోలేదు. ఇద్దరు మగవాళ్ల మధ్య, ఆకుకట్టల వరసలో ఖాళీ చూసి నేల మీద పెట్టింది.

"ఇవి ఎవరు ఎవరికియ్యాల్నో మీరే తేల్చుకోన్రి," అని పాకలోకి వెళ్లి తడిక లాక్కుంది.

ఎండ వాలింది. పినపాక వైపు నుంచి బస్సు హారన్ వినిపించింది. అది దాటిపోతే రేపు పొద్దెక్కేదాకా ఇంకో బస్సు లేదు. అక్కడ ఇంట్లో బల్ల మీద గిన్నె ఉంది, మడతలో తెల్లచీర ఉంది. లచ్చిరాం మంచి కన్ను చెంబు మీదే ఉంది. సంసోను కళ్లూ దాని మీదే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరి చెయ్యీ కదలలేదు.